తెరవని కవర్లు: అమెరికాలో నిరుద్యోగ భృతి, ఫెమా సాయం మీద అపోహలు - వాస్తవాలు

మొన్నామధ్య ఒకాయన కిరాణా సంచిలో ఉత్తరాలు వేసుకుని మా ఆఫీసుకొచ్చాడు. పదకొండు కవర్లు, ఒక్కటీ చింపలేదు. అన్నీ జంక్ మెయిల్ అనుకున్నాడట. ఒక్కొక్కటీ చింపుతూ పోతే ఐదో దాంట్లో అసలు సంగతి బయటపడింది: అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్ తిరస్కరించాం, ఒప్పుకోకపోతే 14 రోజుల్లో అప్పీల్ చేసుకోండి అని. ఆ గడువు దాటి అప్పటికే తొమ్మిది రోజులైంది.

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉద్యోగం పోయినవాళ్లకీ, తుఫాను దెబ్బ తిన్నవాళ్లకీ నిరుద్యోగ భృతి, ఫెమా (విపత్తుల్లో సాయం చేసే ఫెడరల్ సంస్థ) కాగితాలు నింపడంలో సాయం చేయడం నా పని, ఏడేళ్లుగా అదే చేస్తున్నాను. లాయర్ని కాను. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను, మనవాళ్లు అర్హత లేక పోగొట్టుకునే డబ్బు కంటే మొహమాటం వల్లా, వాట్సాప్ సలహాల వల్లా, కవరు తెరవకపోవడం వల్లా పోగొట్టుకునేదే ఎక్కువ. నేను రోజూ చూసేది టెక్సాస్ కాబట్టి లెక్కలు ఇక్కడివే చెబుతాను. మీ రాష్ట్రంలో అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

అపోహ: నిరుద్యోగ భృతి గవర్నమెంటు పెట్టే దానం, చదువుకున్నవాళ్లం మనం తీసుకుంటే బాగోదు.

దానం కాదు, ఇన్సూరెన్స్. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంతో మొదలైంది, డబ్బు కంపెనీలు కడతాయి. ఫెడరల్ వాటా ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద లెక్కేస్తారు, దాని పైన రాష్ట్రం పన్ను వేరే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కాల్లో ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత కోస్తారు, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండేవాళ్లు పే స్టబ్ తీసి చూసుకోండి. కారుకి ఇన్సూరెన్స్ కట్టి, యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ వేయడానికి సిగ్గుపడతామా? ఇంకో మాట, మాజీ ఉద్యోగులు ఎంతమంది క్లెయిమ్ తీసుకుంటే ఆ కంపెనీ కట్టే రాష్ట్ర పన్ను అంత పెరిగే వీలుంది. కొన్ని కంపెనీలు ప్రతి క్లెయిమునూ ఎందుకు పట్టుబట్టి వ్యతిరేకిస్తాయో ఇప్పుడు అర్థమైందిగా.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లెవరికీ రాదు. దీనికే ఇంకో వెర్షన్: ట్యాక్స్ కట్టాం కాబట్టి అందరికీ వస్తుంది.

రెండూ తప్పే. భృతి కావాలంటే ప్రతి వారం మీరు పని చేయగలిగి ఉండాలి, పనికి సిద్ధంగా ఉండాలి, చట్టప్రకారం పని చేసే అనుమతీ ఉండాలి. హెచ్-1బీ వాళ్లు చిక్కుకునేది ఇక్కడే. ఆ అనుమతి ఒక్క కంపెనీకి ముడిపడి ఉంటుంది, ఆ ఉద్యోగం పోతే మిగిలేది 60 రోజుల గ్రేస్ పీరియడ్, అందులో కొత్త కంపెనీ పిటిషన్ వేసేదాకా ఇంకెక్కడా పని చేయడానికి వీల్లేదు. అందుకే హెచ్-1బీ క్లెయిములు చాలావరకు తిరస్కరిస్తారు. ఇన్నేళ్లు కంపెనీ మన పేరు మీద పన్ను కట్టింది, అవసరం వచ్చినప్పుడు మనకి రాదు. అన్యాయమే, కానీ ఉన్న రూలు అది. అదే హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి కార్డు) ఉన్న భార్యకి లేఆఫ్ అయిందనుకోండి, ఆవిడ ఏ కంపెనీలోనైనా చేరొచ్చు, క్లెయిమ్ వేసుకోవచ్చు. గ్రీన్‌కార్డు ఫైల్ చేసి దాని మీద ఈఏడీ తెచ్చుకున్నవాళ్లకూ, గ్రీన్‌కార్డు వాళ్లకూ అంతే. ఓపీటీ (చదువుకి తోడు పని చేయడానికి విద్యార్థులకిచ్చే అనుమతి) మీదున్న పిల్లలది వేరే కథ: చాలామంది ఎఫ్-1 విద్యార్థుల జీతం మీద ఆ ఫెడరల్ నిరుద్యోగ పన్నే పడదు కాబట్టి, క్లెయిమ్ వేసినా లెక్కలో జీతం కనపడకపోవచ్చు. వాళ్లు ముందు చూసుకోవాల్సింది ఓపీటీలో ఖాళీగా ఉండగలిగే 90 రోజుల లెక్క, సైన్సు, టెక్నాలజీ డిగ్రీలవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే మొత్తం 150.

ఫారంలో ఇమిగ్రేషన్ ప్రశ్న దగ్గర ఉన్నదున్నట్టు రాయండి. మీ నంబరు ఫెడరల్ రికార్డులతో సరిచూస్తారు. "సిటిజన్ అని టిక్ పెట్టేయ్, ఎవడు చూస్తాడు" అని సలహా ఇచ్చే ఫ్రెండు ఉంటే ఆ ఫ్రెండ్‌షిప్ గురించి ఒకసారి ఆలోచించుకోండి, తప్పుగా సిటిజన్ని అని చెప్పుకోవడం ఇమిగ్రేషన్‌లో కడుక్కున్నా పోని మచ్చ.

మరి భృతి తీసుకుంటే గ్రీన్‌కార్డుకి అడ్డమా? 2022 డిసెంబరు నుంచి అమల్లోకొచ్చిన పబ్లిక్ ఛార్జ్ (ప్రభుత్వం మీద భారమవుతారా అని చూసే) నిబంధన నిరుద్యోగ భృతిని లెక్కలోకి తీసుకోలేదు, అది సంపాదించుకున్న హక్కు కింద వస్తుంది. ఇమిగ్రేషన్ రూల్స్ ఎప్పుడు ఎలా తిరుగుతాయో మనకి తెలుసు కదా, కేసు నడుస్తుంటే మీ లాయర్ని ఒక్క మాట అడిగి వేయండి, బంధువుల్ని కాదు.

అపోహ: పోయిన నెల దాకా మంచి జీతం, ఇంక లెక్కేముంది.

లెక్క పోయిన నెలది కాదు. పూర్తయిన చివరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగు తీసుకుంటారు, దాన్నే బేస్ పీరియడ్ అంటారు. 2025 ఫిబ్రవరిలో క్లెయిమ్ వేస్తే లెక్కలోకొచ్చేది 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా సంపాదన. 2024 అక్టోబరులో మొదటిసారి ఉద్యోగంలో చేరినావిడకి ఆ కాలంలో జీతం సున్నా. టెక్సాస్‌లో ఆ నాలుగింట్లో ఎక్కువ సంపాదించిన త్రైమాసికాన్ని 25తో భాగిస్తారు: 9,000 డాలర్లుంటే వారానికి 360. ఐటీ జీతాలవాళ్లు ఎలాగూ పైపరిమితి దగ్గర ఆగిపోతారు, అది ఇక్కడ దగ్గరదగ్గర 600. కాలిఫోర్నియాలో 450, అంత ఖరీదైన రాష్ట్రంలో ఏళ్ల తరబడి అదే అంకె. ఫ్లోరిడాలో 275. టెక్సాస్‌లో గరిష్ఠంగా 26 వారాలిస్తారు. మార్ట్‌గేజ్ కట్టడానికి చాలదు, కిరాణాకీ కరెంటు బిల్లుకీ సరిపోతుంది.

"సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) అయిపోనీ, తర్వాత వేద్దాం" అని ఆగేవాళ్లు చాలామంది. ఆగకండి. క్లెయిమ్ మొదలయ్యేది మీరు దరఖాస్తు పెట్టిన వారం ఆదివారం నుంచి, ఉద్యోగం పోయిన రోజు నుంచి కాదు. టెక్సాస్‌లో కొన్ని రకాల సెవరెన్స్ ఉన్నన్నాళ్లు చెల్లింపు ఆగుతుంది నిజమే, కానీ కంపెనీ మీద కేసు వేయనని సంతకం పెట్టినందుకు ఇచ్చే డబ్బు ఆ కిందకి రాదు. ఐటీ లేఆఫుల్లో సంతకం పెట్టించుకోకుండా సెవరెన్స్ ఇచ్చిన కేసు నా టేబుల్ మీదికి అరుదుగా వస్తుంది. ఆ ఒప్పందం కాగితం దాచుకోండి.

అపోహ: రిజైన్ చేస్తే రాదు, తీసేస్తే వస్తుంది.

సంచీ ఆయన కథ ఇక్కడే తెగింది. మేనేజరు గదిలోకి పిలిచి, నువ్వే రిజైన్ చేస్తావా, మమ్మల్ని తీసేయమంటావా, రికార్డు బావుంటుంది కదా అన్నాడట. ఈయన పరువు కోసం రిజైన్ అని మెయిల్ పెట్టాడు. క్లెయిమ్ ఫారంలో ఎందుకు మానేశారు అంటే "వ్యక్తిగత కారణాలు" అని రాశాడు. ఆ రెండు మాటలే ముంచాయి. రాజీనామా ఇస్తావా, తీసేయమంటావా అన్న పరిస్థితిని సాధారణంగా తీసేసినట్టే చూస్తారు, కానీ జరిగింది జరిగినట్టు రాస్తేనే కదా వాళ్లకి తెలిసేది. ఏ తేదీన, ఎవరు, ఏమన్నారు, మూడు లైన్లు చాలు. తీసేసినా అంతే, పని చేతకాక తీసేయడం వేరు, కావాలని తప్పు చేస్తే తీసేయడం వేరు. "పర్ఫార్మెన్స్ బాలేదన్నారు కాబట్టి నాకు రాదు" అనుకుని అసలు వేయనివాళ్లు ఎందరో. దుష్ప్రవర్తన జరిగిందని చూపించాల్సిన బాధ్యత కంపెనీది.

అప్పీల్ హియరింగ్ ఎక్కువగా ఫోన్‌లోనే జరుగుతుంది, కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు. నోటీసులో చెప్పినట్టు ఆ టైముకి లైన్లో ఉండండి. ఇంకా ముఖ్యం, అప్పీల్ నడుస్తున్నప్పుడు కూడా రెండు వారాలకోసారి పేమెంట్ రిక్వెస్ట్ పెడుతూనే ఉండాలి. గెలిచాక, అడగని వారాలకు డబ్బు రాదు. ఇది తెలియక గెలిచి కూడా ఓడినవాళ్లని చూశాను.

సంచీ ఆయన అప్పీల్ ఆలస్యంగానే పంపాం, కారణం రాసి. ఆలస్యానికి చాలా తక్కువ కారణాలు ఒప్పుకుంటారు, జంక్ మెయిల్ అనుకోవడం వాటిలో లేదు. పోయింది.

అపోహ: ఒకసారి అప్రూవ్ అయితే ఇంటికి డబ్బులొస్తూనే ఉంటాయి.

ప్రతి వారానికీ మీరు జవాబు చెప్పాలి: పని వెతికారా, ఎక్కడెక్కడ, ఎంత సంపాదించారు. మామూలుగా వారానికి కనీసం మూడు ప్రయత్నాలు అడుగుతారు, కౌంటీని (మన జిల్లా లాంటిది) బట్టి మారొచ్చు. ఒక నోటుబుక్కు పెట్టుకుని తేదీ, కంపెనీ, ఎలా అప్లై చేశారో రాసుకోండి. పార్ట్‌టైమ్ చేస్తే దాచకండి, దాచాల్సిన పనీ లేదు: భృతిలో 25 శాతం దాకా సంపాదిస్తే కోత ఉండదు. వారానికి 360 వచ్చేవాళ్లు 90 దాకా నిశ్చింతగా ఉండొచ్చు, 150 సంపాదిస్తే 60 కోసి 300 ఇస్తారు. చెప్పాల్సింది చేతికొచ్చిన రోజు కాదు, పని చేసిన వారం. అదీ జీతంలో కోతలకి ముందు మొత్తం.

ఇండియా ట్రిప్ సంగతి. లేఆఫ్ అయింది, ఖాళీయే కదా, ఒకసారి అమ్మానాన్నల్ని చూసొద్దాం అని టికెట్ కొంటారు. మంచిదే, వెళ్లండి. కానీ గుంటూరులో మామిడికాయ పప్పు తింటూ, వీపీఎన్ పెట్టుకుని "ఈ వారం పనికి సిద్ధంగా ఉన్నాను" అని నొక్కడం మోసం కిందకొస్తుంది. మోసం అని తేలితే తీసుకున్నదంతా వెనక్కి, దాని మీద 15 శాతం జరిమానా. ఆ వారాలు వదిలేయండి, తిరిగొచ్చాక క్లెయిమ్ మళ్లీ తెరుచుకోవచ్చు.

అపోహ: ఫెమా సాయం సిటిజన్లకే, మనం అప్లై చేసి లాభం లేదు.

2024 జులైలో బెరిల్ తుఫాను తర్వాత హ్యూస్టన్ పక్కనున్న కేటీలో ఒక కుటుంబం. భార్యాభర్తలిద్దరూ వీసా మీదున్నారు, పైకప్పు మీద చెట్టు పడింది, కరెంటు లేదు, నాలుగేళ్ల పాప. మాకు రాదు లెండి అని వాళ్లే తీర్పు ఇచ్చేసుకున్నారు. నిజమే, హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వాళ్లకి నేరుగా రాదు, సిటిజన్లకూ గ్రీన్‌కార్డు, శరణార్థి లాంటి కొన్ని వర్గాలకే ఇస్తారు. కానీ పాప ఇక్కడే పుట్టింది, సోషల్ సెక్యూరిటీ నంబరుంది. ఆ ఇంట్లో ఉంటున్న సిటిజన్ బిడ్డ తరఫున తల్లో తండ్రో దరఖాస్తు పెట్టొచ్చు. పెట్టారు. అత్యవసరాల కింద అప్పట్లో ఇచ్చిన 750 డాలర్లు ముందు వచ్చాయి, తర్వాత ఇంటి తనిఖీ.

ఫెమా నుంచి వచ్చే "మీరు అర్హులు కారు" ఉత్తరం చూసి చాలామంది కవరుతో సహా పారేస్తారు. రెండో పేజీ చదవండి. ఎక్కువసార్లు అక్కడ ఉండేది ఇన్సూరెన్స్ సెటిల్‌మెంట్ కాగితం పంపండి అనో, ఆ ఇంట్లో ఉంటున్నట్టు రుజువు పంపండి అనో. ఇన్సూరెన్స్ ఇచ్చిన నష్టానికి ఫెమా మళ్లీ ఇవ్వదు, అందుకే ఆ కాగితం కోసం చూస్తారు. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద నష్టం ఉండదు, 2017లో హార్వీ తుఫాను అప్పుడు ఎంతమంది ఆ మాట మొదటిసారి విన్నారో. మీ కంపెనీ వరదకి ఇవ్వము అని రాసిచ్చిన ఉత్తరమే ఇక్కడ మీ ఆయుధం. అప్పీలుకి ఉత్తరం తేదీ నుంచి 60 రోజులుంటాయి. ఇది లోను కాదు, తిరిగి కట్టక్కర్లేదు, ట్యాక్సూ లేదు.

దీనికి తోడు విపత్తు నిరుద్యోగ భృతి అని ఇంకోటుంది, దాని పేరు మనవాళ్లలో పదిమందిలో ఒకరు కూడా వినరు. అధ్యక్షుడు పెద్ద విపత్తుగా ప్రకటించి, వ్యక్తిగత సాయం తెరిచిన కౌంటీల్లో మాత్రమే. మామూలు భృతికి అందని వాళ్ల కోసం: ఊబర్ నడిపేవాళ్లు, సొంత వ్యాపారాలవాళ్లు, రైతులు. ముందు మామూలు భృతికి అప్లై చేసి, అక్కడ రాదనిపించుకున్నాకే ఇది. గడువు ప్రకటన నుంచి 60 రోజులు, ఇదివరకు 30 రోజులే ఉండేది. రుజువులకి 21 రోజులు.

అద్దె కిచెన్‌లో కర్రీలు చేసి అమ్మే ఒకావిడ, సిటిజన్, ఆ కిచెన్ కప్పు కూలిపోయి వచ్చింది. వారానికి ఎన్ని పులిహోర ట్రేలు పోతాయో నోటికి లెక్క చెప్పింది, ఫోన్లో డబ్బు పంపుకునే జెల్ యాప్ హిస్టరీ చూపించింది. వాళ్లు అడిగింది ట్యాక్స్ రిటర్ను. అందులో ఖర్చులన్నీ పోను ఏడాదికి చూపించిన లాభం చాలా తక్కువ. సొంత వ్యాపారానికి లెక్క నికర ఆదాయం మీదే, కాబట్టి వచ్చింది కనీస మొత్తం, అంటే రాష్ట్రంలో సగటు భృతిలో సగం. "ట్యాక్సు తగ్గించినందుకు ఆ సీపీఏకి (ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంటుకి) ఫీజు కూడా ఇచ్చానండీ" అంది.

మిగతావి గబగబా. భృతికి ఫెడరల్ ట్యాక్స్ ఉంది, జనవరిలో ఆ లెక్క చూపే 1099-జి ఫారం వస్తుంది, కావాలంటే ముందే 10 శాతం పట్టుకోమని చెప్పొచ్చు. క్లెయిమ్ వేయడం ఉచితం, మీ పాస్‌వర్డు అడిగి ఫీజు తీసుకునే "కన్సల్టెంట్" మీకు అక్కర్లేదు. మీరు ఉద్యోగంలో ఉండగా మీ పేరు మీద భృతి ఉత్తరం వస్తే ఎవరో మీ వివరాలు వాడుకున్నారని అర్థం, కోవిడ్ రోజుల్లో ఇలాంటి దొంగ క్లెయిములు కుప్పలుగా పడ్డాయి, ఆ రోజే రాష్ట్రానికి రిపోర్టు చేయండి.

ఇక ఫెమా ఇన్‌స్పెక్టరు ఫోను. తెలియని నంబరు నుంచి వస్తుంది, మనం స్కామ్ అని ఎత్తం, ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఎత్తండి. అసలు ఇన్‌స్పెక్టరు దగ్గర ఫొటో ఐడీ ఉంటుంది, మీ తొమ్మిది అంకెల రిజిస్ట్రేషన్ నంబరు అతని దగ్గర ముందే ఉంటుంది. డబ్బు అడిగాడంటే మాత్రం ఫోను పెట్టేయండి.