గ్రీన్ జోన్ అంటే పచ్చని చెట్లున్న చోటు కాదు

హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయ ఆవరణల్లో చెట్ల లెక్కలకు, చెరువుల సర్వేలకు డ్రోన్ ఎగరేయడం నా పని. విద్యార్థుల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: మ్యాప్‌లో గ్రీన్ జోన్ అని ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు.

వాస్తవం: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల లోపు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్యనైతే నేల మీది నుంచే ఎల్లో జోన్, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాల్సిన చోటు. మనకు శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట ఉంది, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలున్నాయి. గచ్చిబౌలిలో చెల్లింది తార్నాకలో చెల్లకపోవచ్చు. ఈ జోన్లను చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్ డిజిటల్ స్కైని ఎగరేసే రోజే చూడండి. పోలీసు కమిషనర్లు అప్పుడప్పుడు ఇచ్చే నిషేధ ఉత్తర్వులనూ గమనించండి.

ఇవన్నీ ఆకాశానికి సంబంధించినవి. నేల విశ్వవిద్యాలయానిది. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి చేతిలో లేకుండా నేను డ్రోన్ పెట్టె మూత కూడా తీయను.

అపోహ: చిన్న డ్రోన్‌కు నిబంధనలేవీ ఉండవు.

వాస్తవం: 250 గ్రాముల వరకు నానో. దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్న మాట నిజమే, కానీ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరకూడని రెడ్ జోన్ దానికీ రెడ్ జోనే. పైగా 249 గ్రాముల డ్రోన్‌కు రెక్కల రక్షణ చట్రం తగిలిస్తే బరువు 250 గ్రాములు దాటి, అది పై వర్గమైన మైక్రో అయిపోతుంది. మైక్రోతో డబ్బు తీసుకుని కళాశాల ఉత్సవం చిత్రీకరిస్తే సర్టిఫికెట్ తప్పనిసరి.

అపోహ: పైన ఎగిరితే పక్షులకు వచ్చే నష్టమేమీ లేదు.

వాస్తవం: ఇది వింటే నాకు బాధేస్తుంది. ఒక వేసవిలో రాళ్ల నేల మీద డ్రోన్ లేపాను. ఆ రొదకు తీతువు పిట్ట ఒకటి అరుస్తూ లేచింది. అది లేచిన చోటికి వెళ్లి చూస్తే గులకరాళ్లలో కలిసిపోయిన మచ్చల గుడ్లు నాలుగు. రెండడుగుల దూరం నుంచి కూడా పోల్చలేకపోయాను. మండుటెండలో తల్లి వాటి మీద నిలబడి నీడ పడుతుంది. అది పది నిమిషాలు దూరమైతే గుడ్లు ఎండకు మాడిపోవచ్చు. వెంటనే డ్రోన్ దించేసి, ఆ వైపు సర్వే ఆపేశాను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్పే 'వేట' నిర్వచనంలో పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం కూడా ఉంది. నెమలి ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోని పక్షి. అందుకే ఎగరేసే ముందు ఆ చోటంతా ఒకసారి కాలినడకన తిరిగి చూడండి. గద్దలు డ్రోన్ మీదికి వస్తుంటే చిత్రీకరణ అక్కడితో ఆపి దించేయండి.