గానుగ నూనె వెనక సుంకాల కథ

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా ఒకచోట కాకపోతే మరోచోట ‘చెక్క గానుగ నూనె’ బోర్డు కనిపిస్తోంది. పామాయిల్ ప్యాకెట్‌తో పోలిస్తే ధర చాలా ఎక్కువ. మన పంట, మన నూనె, నేలకూ మేలు అంటున్నారు. మాట మంచిదే. కానీ ఈ వేరుశనగ నూనె మన వంటింటి నుంచి ఎందుకు పోయిందో తెలియకుండా తిరిగి తెస్తామంటే నమ్మడం కష్టం.

అసలు వేరుశనగ మన పాత పంటేమీ కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో, అప్పట్లో మన చిత్తూరు కూడా కలిసి ఉన్న ఆర్కాటు ప్రాంతంలో అది విస్తరించింది విదేశీ గిరాకీ వల్లే. పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నూనె, సబ్బు మిల్లులకు ఓడల్లో వెళ్లేది. ప్రపంచ వ్యాపారం మన గడప తొక్కింది నిన్న మొన్న కాదన్నమాట. అంతకుముందు ఈ మెట్ట చేలలో రాగి, సజ్జ, కొర్ర, ఉలవలే.

వచ్చిన పంట ఇక్కడి బతుకులో కుదురుకున్న తీరు మాత్రం చూడదగ్గది. వానాధారపు చేలో పండిన కాయను గాండ్లవారు ఎద్దు గానుగలో ఆడించేవారు. నూనె ఇంటికి, నూనె తీయగా మిగిలిన చెక్క పాడి పశువుకు, పొట్టు పొయ్యిలోకి. కాయ రాల్చిన చెట్టు మేత, ఆ మేత తిన్న పశువు పేడ మళ్లీ చేనికి. సంగటిలోకి వేరుశనగ ఊరుబిండి పచ్చడి సరేసరి. ఊరు దాటి పోయేది తక్కువ, వృథా అయ్యేది అంతకన్నా తక్కువ.

దేశంలో వంటనూనెల కొరత తీర్చడానికి 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టారు. 1990ల తొలినాళ్లకు దిగుమతులు నామమాత్రమయ్యాయి. ఆ తర్వాతే మలుపు. 1994లో పామోలిన్ (శుద్ధి చేసిన పామాయిల్) దిగుమతిని 65 శాతం సుంకంతో స్వేచ్ఛగా అనుమతించారు. 1998 నాటికి ఆ సుంకం 15 శాతానికి దిగింది. అదే ఏడాది ఢిల్లీలో కల్తీ ఆవనూనెతో జనం జబ్బు పడ్డాక విడి నూనె అమ్మకంపై ఆంక్షలు, ప్యాకింగ్ నిబంధనలు వచ్చాయి. పెద్ద మిల్లుకు అది ఖర్చే కాదు. ఊరి గానుగకు మాత్రం పెనుభారం.

దిగుమతులకు తలుపులు తెరిచిన నేరమంతా ప్రపంచ వాణిజ్య సంస్థదే అనడం సగం నిజమే. పామాయిల్‌పై 300 శాతం వరకు సుంకం వేసుకునే వీలు ఆ సంస్థ ఒప్పందంలోనే భారత్‌కు ఉంది. వేయకపోవడం మన ఏలికల ఎంపిక. పట్నంలో నూనె ధర పెరిగితే ఓట్లు పోతాయి, చేనులో కాయ ధర పడితే అంత గోల వినిపించదు.

చౌక దిగుమతి నూనెతో పోటీపడలేక వేరుశనగ వదిలిన రైతు మామిడికి, టమాటాకు మళ్లాడు. తోతాపురి రకం మామిడి గుజ్జు విదేశాలకు పోతుంది కనుక భద్రమనుకున్నారు. 2025లో గుజ్జు నిల్వలు పేరుకుపోయి కాయ కొనేవాళ్లు కరవయ్యారు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ధర ఖరారు చేయాల్సి వచ్చింది.

తిరుపతి వ్యవసాయ పరిశోధన కేంద్రం నారాయణి, ధరణి లాంటి వేరుశనగ రకాలు ఇచ్చింది. 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి సేద్యం కార్యక్రమం నడుస్తోంది. విత్తనం, పద్ధతి, గానుగ మూడూ ఉన్నాయి. లేనిది నిలకడైన కొనుగోలు. రోజూ వేల మందికి వండే ఆలయ, హాస్టల్ వంటశాలలు ఇక్కడి నూనెకు ఏడాది పొడవునా ఒప్పందం రాసిస్తే, బోర్డులు పెట్టుకున్న నాలుగు దుకాణాలకన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

సుంకం మాత్రం ఢిల్లీ చేతిలోనే ఉంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్‌పై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. 2025 మే 30న, సరిగ్గా ఖరీఫ్ విత్తుకు ముందు, దాన్ని 10 శాతానికి తగ్గించారు.