డ్రిఫ్టింగ్: స్టాప్‌వాచ్‌కు గిట్టని విద్య

కార్ల పిచ్చి ఉన్న పదిమంది ఒకచోట చేరినప్పుడు డ్రిఫ్టింగ్ (వెనక చక్రాల పట్టు కావాలనే వదిలించి, కారును అడ్డంగా జారిస్తూ మలుపు తిప్పడం) మాట ఎత్తి చూడండి, వెంటనే రెండు జట్లు అయిపోతారు. "అది రేసింగే కాదు, టైర్లు తగలేసే తమాషా. ఎవరు ముందొచ్చారో లేదు, ఎంత టైమ్ పట్టిందో లేదు, జడ్జీలు కూర్చుని మార్కులేస్తారు" అంటుంది ఒక జట్టు, టైరు పట్టునే నమ్ముకున్న గ్రిప్ జట్టు. "పట్టున్న కారును ఎవడైనా తిప్పుతాడు, పట్టు పోయాక కూడా చెప్పినట్టు వినేలా చెయ్యి చూద్దాం" అంటుంది రెండోది. ఈ గొడవ ఏళ్ల తరబడి తెగకపోవడానికి కారణం మనుషుల్లో కంటే టైర్లలోనే ఎక్కువ ఉంది.

మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు చూసే దిక్కు, అది నిజంగా వెళ్లే దిక్కు ఒకటి కావు. రెంటి మధ్య ఉండే చిన్న తేడాను స్లిప్ యాంగిల్ అంటారు. ఒక్కో టైరులో రోడ్డును తాకి ఉండేది అరచేయంత రబ్బరు. అది పక్కకి సాగి, మళ్లీ యథాస్థానానికి రావాలని చూస్తుంది. ఆ లాగుడే కారును మలుపు తిప్పుతుంది. కోణం పెరిగేకొద్దీ బలమూ పెరుగుతుంది, కానీ కొంతవరకే. పొడి తారు మీద ఇప్పటి టైర్లలో చాలావాటికి సుమారు 6 నుంచి 10 డిగ్రీల దగ్గర ఆ బలం గరిష్ఠానికి చేరుతుంది. అది దాటితే రబ్బరు సాగడం మాని జారుతుంది, బలం తగ్గుతుంది. డ్రిఫ్ట్ కారు 30, 40 డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అడ్డం తిరిగి పోతుంది. టైరుకున్న పట్టు నెలజీతం లాంటిది, ముందుకు నెట్టడానికి ఎంత వాడితే మలుపుకి అంత తగ్గుతుంది. డ్రిఫ్టర్ కావాలనే వెనక టైర్ల జీతమంతా చక్రాలు గిర్రున తిప్పడానికే ఖర్చు పెట్టేస్తాడు. కాబట్టి తారు మీద డ్రిఫ్ట్ చేస్తే టైమ్ పోతుందన్న మాట నిజమే.

అయితే ఎప్పుడూ ఇలాగే లేదు. 1957లో రూవాఁలో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రిలో అర్జెంటీనా డ్రైవర్ ఫాంజియో తన మసెరాటి కారును నాలుగు చక్రాలూ జారుతుండగా మలుపులు తిప్పాడు, గెలిచాడు కూడా. ఆ కాలపు క్రాస్‌ప్లై (లోపలి పోగులు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాతరకం) టైర్లకు గరిష్ఠ పట్టు ఇంకా పెద్ద కోణాల దగ్గర దొరికేది, అది దాటినా మెల్లగా తగ్గేదే తప్ప ఒక్కసారిగా పోయేది కాదు. అంటే జారుతూ పోవడమే అప్పట్లో వేగంగా పోయే పద్ధతి. అది రేసింగేనా అని ఎవరూ అడగలేదు. 1960ల చివర కారును నేలకు అదిమే రెక్కలు, ఆ వెంటే గాడులు లేని స్లిక్ టైర్లు, 1977లో మిషెలిన్ వారి కొత్తరకం రేడియల్ టైర్లు ఫార్ములా వన్‌లోకి వచ్చాయి. కారు అడ్డం తిరగడమంటే టైమ్ పోగొట్టుకోవడమే అయింది.

మట్టిదారుల్లో సాగే కార్ల ర్యాలీ సంగతి చూడండి. వదులు మట్టి మీద అడ్డంగా వెళ్లే టైరు ముందు కంకర పోగవుతుంది, ఆ పోగు కూడా టైరును ఆపుతూ మలుపుకు సాయం చేస్తుంది. కారు ముక్కు ముందే మలుపు దాటాక వచ్చే దారి వైపు తిరిగి ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ తొందరగా తొక్కొచ్చు. అందుకే ఉత్తర ఐరోపా డ్రైవర్లు ముందు ఎదురు దిక్కుకి ఊపి, అప్పుడు మలుపులోకి విసిరేవారు. అదే అడ్డదిడ్డపు పోకడ. మట్టి మీద అయితే చప్పట్లు, తారు మీద అయితే వెక్కిరింపులు!

డ్రిఫ్టింగ్‌ను ఓ ఆటగా నిలబెట్టింది జపాన్. అక్కడ దీనికి ఆద్యుడిగా చెప్పే కునిమిత్సు తకహాషి ముందు మోటార్‌సైకిల్ రేసర్. 1961లో 250 సీసీ హోండా మీద పశ్చిమ జర్మనీ గ్రాండ్ ప్రి గెలిచాడు, ఆ ఘనత సాధించిన తొలి జపనీయుడు. 1970లలో నిస్సాన్ స్కైలైన్‌ను మలుపుల్లో జారిస్తూ నడిపిన అతన్ని చూసి, కెయిచి త్సుచియా అనే డ్రైవర్ ఆ విద్యను కొండదారుల్లో సాధన చేశాడు. అతని పేరుతో ముడిపడిన కారు టయోటా ఏఈ86. బరువు టన్నుకు కాస్త తక్కువ, 1.6 లీటర్ల ఇంజిన్, వెనక చక్రాలకు పవర్. డ్రిఫ్టర్లకు అసలు రేసింగ్ రాదనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. 1995 లె మాన్స్ 24 గంటల రేసులో జీటీ2 తరగతి గెలిచిన హోండా ఎన్ఎస్ఎక్స్‌ను నడిపిన ముగ్గురిలో ఇద్దరు ఈ తకహాషి, త్సుచియాలే.

డ్రైవర్ చేతుల్ని దగ్గరగా చూస్తే అసలు నైపుణ్యం తెలుస్తుంది. మలుపులోకి వస్తూనే క్లచ్ ఠక్కున తొక్కి వదులుతాడు, యాక్సిలరేటర్ మాత్రం వదలడు. పెరిగిన ఇంజిన్ వేగం ఒక్క దెబ్బలా వెనక చక్రాలకు తగిలి పట్టు వదిలిస్తుంది. వెనక భాగం బయటికి ఊగుతుంది. అప్పుడు స్టీరింగ్‌ను బలంగా తిప్పుతాడని మనం అనుకుంటాం. తిప్పడు, దాదాపు వదిలేస్తాడు. ముందు చక్రాల అమరిక వల్ల అవి కారు పోయే దిక్కుకి వాటంతటవే తిరుగుతాయి, స్టీరింగ్ అరచేతుల్లోంచి గిర్రున జారిపోతుంది. సరైన క్షణంలో పట్టుకుని ఆపడమే పని. ఆ తర్వాత కారు కోణం చాలావరకు కుడికాలి మీదే ఆధారపడుతుంది.

మార్కుల గురించి వాదన నాకు ఎప్పుడూ బలంగా అనిపించలేదు. జిమ్నాస్టిక్స్‌కీ జడ్జీలే కదా. 2001 నుంచి జపాన్ డీ1 గ్రాండ్ ప్రిలో, 2004 నుంచి అమెరికా ఫార్ములా డ్రిఫ్ట్‌లో గీత (కారు పట్టుకున్న దారి), కోణం, శైలి లాంటివి చూసి మార్కులేస్తున్నారు. రెండేసి కార్లు కలిసి దిగే పోటీలో, ముందు కారు పొగలో దారి సరిగా కనపడకపోయినా, దాని తలుపుకి తగిలీ తగలనంత దగ్గరగా అదే కోణంలో వెంటాడే రెండో కారును చూశాక కూడా ఇది తమాషా అనేవాళ్లతో వాదించడం దండగ.

టైర్ల వృథా అన్నది మాత్రం కాదనలేం. రోడ్ల మీద ఆగడాలైతే ఇంకా ఘోరం. సౌదీ హైవేల మీద కుర్రాళ్లు తఫ్హీత్ పేరుతో చేసే విన్యాసాలు అక్కడ డ్రైవర్లుగా పనిచేసిన మనవాళ్లకు కొత్త కాదు, వాటిలో చూడ్డానికి నిలబడ్డవాళ్ల ప్రాణాలూ పోయాయి. మన దగ్గర చాలా కార్లకు పవర్ ముందు చక్రాలకే. హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం తిరుగుతుంది, కానీ ఆ కోణాన్ని నిలబెట్టడానికి యాక్సిలరేటర్ తొక్కినా వెనక చక్రాలకు బలమేదీ అందదు. అది డ్రిఫ్ట్ కాదు, ఎక్కడ ఆగుతుందో డ్రైవర్‌కే తెలియని గిరగిర.

గ్రిప్ జట్టుకు ఇంకో కడుపుమంట ఉంది, దాని పేరు 'డ్రిఫ్ట్ ట్యాక్స్'. వెనక చక్రాల పవర్ ఉన్న పాత చవక కార్లను డ్రిఫ్టర్లు గుద్ది గుద్ది అరగదీశారు, మిగిలినవాటి ధరలు ఆకాశాన్నంటాయి. 2012లో వెనక చక్రాల పవర్‌తో టయోటా 86 వచ్చినప్పుడు ఆ బాధ తీరుతుందనుకున్నారు. తీరా చూస్తే దానికి ఇంధన పొదుపు కారైన ప్రయస్ హైబ్రిడ్‌కు వాడే రకం మిషెలిన్ టైర్లు వేశారు. కారు తక్కువ వేగంలోనే జారాలి, ఆ జారుడు డ్రైవర్‌కు తెలియాలి అన్నది ఉద్దేశం. డ్రిఫ్ట్ జట్టు మురిసిపోయింది. గ్రిప్ జట్టులో చాలామంది కారు కొన్న వెంటనే చేసిన పని ఆ టైర్లు పీకించడం.