బియ్యం ఉన్నాయి, అందులోకే ఏమీ లేదు: ఆహార బ్యాంకుకు ఏమివ్వాలన్న దానిపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో రాజోలు వైపు ఒక ఊళ్లో మేం కొందరం కలిసి ఆహార బ్యాంకు నడుపుతున్నాం. ఊళ్లో ఆ పేరుతో ఎవరూ పిలవరు, సరుకుల గది అంటారు. ఇంట్లో సరుకు నిండుకున్నవాళ్లు వచ్చి సంచి పట్టుకెళ్తారు. రాలేని ముసలివాళ్లకి మేమే సైకిలు మీద పంపుతాం.

గది తెరిచిన మొదటి నెలలో ఒక మామ్మగారు, మేమిచ్చిన పది కిలోల బియ్యం సంచిని మనవడి చేత మోయించుకుని వెనక్కి తెచ్చారు. "బియ్యం ఉన్నాయి మాస్టారూ. అందులోకే ఏమీ లేదు. దీనికి బదులు పప్పో, చింతపండో ఉంటే ఇప్పించండి" అన్నారు. ఆవిడని నిలబెట్టి అలమరలన్నీ వెతికాను. బియ్యం తప్ప ఏమీ లేవు. నేను బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. దానం గురించి నాకు మొదటి పాఠం చెప్పింది ఆవిడే.

ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. దాన్ని నేనెప్పుడూ శంకించలేదు. కానీ ఇచ్చేటప్పుడు మన ఇంటి అలమర వైపు చూసి నిర్ణయించుకుంటున్నాం, ఆ ఇంటి పొయ్యి వైపు చూడటం లేదు. రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేదింటికి కావలసింది బియ్యమే.

డెల్టాలో పుట్టిన మనకి ఇలా అనిపించడం సహజం. వానాకాలం సార్వా, ఆ తర్వాతి దాళ్వా రెండు పంటలూ వరే. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకం ఇక్కడి నుంచి దేశమంతా పాకింది. దానమంటే మన చెయ్యి బియ్యం బస్తా మీదికే పోతుంది.

కానీ 2013 ఆహార భద్రతా చట్టం కింద కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుంటే ఇంటికి 35 కిలోలు వస్తాయి. 2023 జనవరి నుంచి ఆ బియ్యానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. కందిపప్పు మాత్రం కొన్ని నెలలు వస్తుంది, కొన్ని నెలలు రాదు. నూనె, చింతపండు, ఉప్పు, కారం, పోపు దినుసులు ఎవరికి వారే కొనుక్కోవాలి. కూలి లేని వారంలో ఆగిపోయేవి ఇవే. అప్పుడు ఆ ఇంట్లో అన్నం ఉంటుంది, గంజిలో ఉప్పు వేసుకుని తాగుతారు. అది ఆకలి కాదని ఎవరనగలరు?

పప్పు లేకపోతే పోయేది రుచి ఒక్కటే కాదు. కందిపప్పులో నూటికి 22 పాళ్ల దాకా మాంసకృత్తులు. పైగా బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో బాగా ఉంటుంది. అన్నం, పప్పు కలిస్తేనే ఎదిగే పిల్లాడికి నిండు భోజనం. మన పెద్దవాళ్లు ఈ లెక్కలు తెలియకుండానే భోజనం ముద్దపప్పుతో మొదలుపెట్టించారు.

బియ్యం అసలు వద్దని కాదు. కార్డు లేనివాళ్లున్నారు. అత్తింటి నుంచి విడిగా వచ్చేసిన కోడలు, ఇంకా పేరు ఎక్కని పిల్లలు, వేలిముద్ర పడక తిరిగి తిరిగి విసిగిన ముసలాయన. వాళ్ల కోసం బియ్యం ఎప్పుడూ కొంత ఉంచుతాం. మిగతా ఇళ్లకి మా సంచిలో కిలో కందిపప్పు, అరకిలో పెసరపప్పు, లీటరు నూనె, పావుకిలో చింతపండు, అయోడిన్ ఉప్పు, కారం, పసుపు, ఒక పోపు పొట్లం పెడతాం. ఆవాలు, జీలకర్ర దానంగా తెచ్చేవాళ్లు చాలా అరుదు. అదెంత ఖరీదు? కానీ తాలింపు లేని పప్పు ఏ ఇంట్లోనూ ముద్ద దిగదు.

ఇంకో మాట. రేషన్ బియ్యం ఎవరి దగ్గరో చవగ్గా కొని మాకు ఇవ్వకండి. ఆ బియ్యం కొనడం, అమ్మడం నేరం. ఇంటికి మూడిళ్ల అవతల తినాల్సినవాళ్ల బియ్యమే అది.

అపోహ: పెళ్లిలో మిగిలింది పారెయ్యడం కంటే పేదలకి పంపడం పుణ్యం.

అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగినవాళ్లం, పారెయ్యడానికి చేతులు రావు. నాకూ రావు. కానీ ఫోన్ వచ్చేసరికి మర్నాడు ఉదయం పదవుతుంది. "గుండిగెడు అన్నం, సాంబారు ఉన్నాయండి, ఆటో పంపండి" అంటారు. నేను వద్దంటే నొచ్చుకుంటారు.

ఎందుకు వద్దంటానో చెప్తాను. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి అన్నం ఉడికినా చావవు. వండినది గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన పదార్థం తినేదాకా 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. వైశాఖ మాసం పెళ్లి పందిట్లో గుండిగ ఆ రెండూ కాదు. పైగా మన కోనసీమ వంటలో కొబ్బరి పడనిది తక్కువ. కొబ్బరి పచ్చడి, కొబ్బరి పాలు పోసిన పాయసం అన్నిటికంటే ముందు పాడవుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మన ఇంట్లో ఒక రోజు సెలవు పెడతాం. ఆ ఇంట్లో రెండు రోజుల కూలి పోయి, పైన ఆసుపత్రి ఖర్చు పడుతుంది.

అలాగని మొత్తం వదిలెయ్యక్కర్లేదు. మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి 2019లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనలే తెచ్చింది. మేం అడిగేది ఇంతే: పెళ్లికి ముందురోజే మాకు చెప్పండి. వడ్డన మొదలయ్యాక మిగిలినది కాకుండా, పదార్థాలు దింపగానే గరిటె తగలకుండా కొంత విడిగా మూత గిన్నెల్లోకి తీయించండి. వేడి మీదే పట్టుకెళ్లి రెండు గంటల్లోపు వడ్డించేస్తాం, దాచం. చింతపండు పులుపు పట్టిన పులిహోర కాస్త నిలుస్తుంది. లడ్డూ, సున్నుండలు ఇంకా నిలుస్తాయి. పెరుగన్నం, పూర్ణం బూరెలు ఆ పూటకే.

ఈ మాట చెప్తే కొందరు డొక్కా సీతమ్మగారిని గుర్తు చేస్తారు, ఆవిడ అర్ధరాత్రి వచ్చినా పెట్టింది కదా అని. ఆవిడది మా పక్క లంకల గన్నవరమే. 1909లో కన్నుమూసేదాకా గోదావరి దాటొచ్చిన బాటసారులకి ఏ వేళకి వస్తే ఆ వేళకి పొయ్యి వెలిగించి వండి పెట్టారు కాబట్టే ఆవిణ్ణి అన్నపూర్ణ అన్నారు. ఆవిడ వడ్డించింది ఆ మనిషి కోసం వండిన అన్నం.

అపోహ: పసిబిడ్డకి పాలపొడి డబ్బా కన్నా గొప్ప దానం లేదు.

ఇది చాలామంది నమ్ముతారు, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నాను. రెండేళ్లలోపు పిల్లలకి తల్లిపాలకు బదులుగా అమ్మే పాలపొడి, పాలసీసాలు, శిశు ఆహారం డబ్బాలు అనాథాశ్రమాలకి తప్ప ఇంకెవరికీ దానంగా ఇవ్వకూడదని 1992 నాటి చట్టం చెబుతోంది. 2003లో దాన్ని మరింత గట్టిగా సవరించారు.

కారణం మా గదిలో కూర్చుంటే తెలుస్తుంది. ఉచితంగా వచ్చిన డబ్బా పదిరోజులు పడితే బిడ్డ రొమ్ము తాగడం తగ్గిస్తుంది. తాగడం తగ్గితే తల్లికి పాలు పడటం తగ్గుతుంది. డబ్బా అయిపోయాక రెండోది కొనలేక నీళ్లు ఎక్కువ కలుపుతారు. ఆ నీళ్లేమో సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లు, వరదల్లో అయితే బురద నీళ్లు. బిడ్డకి ఇవ్వాలనుకుంటే తల్లికి ఇవ్వండి. పప్పు, గుడ్లు, వేరుశనగ గుళ్లు, బెల్లం, రాగిపిండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తల్లి లేని బిడ్డో, తల్లికి జబ్బో అయితే ఆశా కార్యకర్తని పిలిచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతాం. అక్కడ డాక్టరు చెప్పిందే చేస్తాం.

అపోహ: తేదీ దాటి నాలుగు రోజులే కదా, వాళ్లేం పట్టించుకుంటారు?

పట్టించుకుంటారు. ప్యాకెట్టు తిప్పి తేదీ చదివి, ఏమీ అనకుండా మళ్లీ అలమరలో పెట్టేసిన ఏడో తరగతి పిల్లని చూశాను. ఆ రోజు నుంచి గదిలోకి వచ్చిన ప్రతి ప్యాకెట్టూ నేనే తిప్పి చూస్తున్నాను.

"ఎక్స్‌పైరీ", "యూజ్ బై" అని ఉన్న తేదీ భద్రతకి సంబంధించినది. దాటితే పంచకూడదు. "బెస్ట్ బిఫోర్" అన్నది రుచి, వాసన, నాణ్యత గురించి. ఏ తేదీ అయినా మా నియమం ఒకటే, కనీసం రెండు నెలల గడువు ఉండాలి. మా దగ్గర కొన్నాళ్లు, ఆ ఇంట్లో కొన్నాళ్లు ఉంటుంది గనక. గోధుమపిండి, రవ్వ, శనగపిండి మాత్రం శ్రావణం చెమ్మకి గడువుతో పనిలేకుండా ముక్కిపోతాయి. వానాకాలంలో అవి తేకండి.

అపోహ: ఇంట్లో పెట్టిన ఆవకాయ కన్నా ప్రేమగా ఇచ్చేదేముంది?

ప్రేమలో లోటు లేదు. జాడీ తెరిచి తీసి డబ్బాలో పోసి తెచ్చిన పచ్చడిలో తడి గరిటె పడిందో లేదో మాకు తెలియదు. బీపీ ఉన్న పెద్దవాళ్లు ఎక్కువ. అందుకే గదికి తీసుకోం. మీకు తెలిసిన ఇంటికి మీరే చేత్తో ఇస్తే ఎంతో మంచిది.

అపోహ: పెద్ద ప్యాకెట్టు ఇస్తే ఎక్కువ మేలు.

పిల్లలు గల్ఫ్ వెళ్లి, ఇంట్లో ఒక్కరే ఉండే ముసలివాళ్లు మా వైపు చాలామంది. ఐదు లీటర్ల నూనె డబ్బా వాళ్లు ఎత్తలేరు. అరకిలో, కిలో ప్యాకెట్లు తెండి. రాజ్మా, ఓట్స్, పాస్తా కూడా వద్దు. వాటిని ఎలా వండాలో తెలియాలి, రాజ్మాకైతే గ్యాసు కూడా ఎక్కువ కావాలి. ఉప్పుడు బియ్యం కూడా అంతే. దానికి వాడే బొండాలు రకం వరి పండించి కేరళకి పంపేది మనమే అయినా, మన ఇళ్లలో అది తినరు.

అపోహ: వరదొస్తే ముందు బియ్యం బస్తాలు పడవెక్కించాలి.

2022 జులైలో గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, నది మధ్య ఉండే లంక ఊళ్లలో నడుం లోతు నీళ్లు. ప్రభుత్వం ఇంటికి 25 కిలోల బియ్యం, పప్పు, పామాయిల్, ఉల్లి, బంగాళాదుంప ఇచ్చింది. దాతలూ బియ్యమే తెచ్చారు. కానీ పొయ్యి నీళ్లలో, కట్టెలు నీళ్లలో, గ్యాసు బండ ఎక్కడో. మేడ మీద కూర్చున్న మనిషి బియ్యం ఏం చేసుకుంటాడు?

ఆ నాలుగైదు రోజులకి వండక్కర్లేనివి కావాలి. అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, బెల్లం, బిస్కెట్లు, అరటిపళ్లు, తాగే నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు. బ్రెడ్డు రెండో రోజుకే బూజు పడుతుంది. ఆడవాళ్లకి ప్యాడ్లు అడిగి తీసుకోవడానికి మొహమాటం. అడక్కుండానే సంచిలో పెట్టాలి.

ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మేం మొదటి హెచ్చరికకే పొట్లాలు కట్టడం మొదలుపెడతాం. లంకలకి వెళ్లే కనకాయలంక కాజ్‌వే లాంటి పల్లపు దారులు మునిగాక ప్రతి సంచీ పడవ మీదే వెళ్లాలి. ఆ పడవలో చోటు తక్కువ. అందుకే టీవీలో వరద చూసి బయల్దేరేవాళ్లు ముందు ఒక్క ఫోన్ చెయ్యండి. బియ్యం, పప్పు, పాత్రలు నీళ్లు తీశాక కావాలి. అప్పటికి టీవీ వేరే వార్తల్లోకి వెళ్లిపోతుంది.

అపోహ: డబ్బిస్తే దారి తప్పుతుంది, సరుకే నమ్మకం.

అడిగి లెక్క చూడండి. మా పుస్తకం ఎవరైనా తిరగెయ్యొచ్చు. మీరు చిల్లర కొట్లో ఒక్కో కిలో కొనే డబ్బుతో మేం హోల్‌సేల్‌లో అంతకంటే ఎక్కువ తెస్తాం. ఈ వారం ఏది లేదో అదే తెస్తాం. పన్ను మినహాయింపు కావాలంటే ముందు సంస్థకి ఆ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. సరుకు రూపంలో ఇచ్చినదానికి అది రాదు. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు.

అపోహ: ఎప్పుడిచ్చినా ఒకటే.

కార్తీకంలో, సంక్రాంతికి మా గదిలో కాలు పెట్టే చోటుండదు. ఖాళీ అయ్యేది వేరే నెలల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా పల్లెల్లో వలలు ఒడ్డునే ఉంటాయి. దాళ్వా కోతలయ్యాక నాట్లు పడేదాకా కూలి పనులూ పలచబడతాయి. ఆ వెనకే బడి పుస్తకాల ఖర్చు, ఆ తర్వాత వరద. మీ పుట్టినరోజు జనవరిలో వస్తే ఆ రోజు మాట ఇచ్చి, మేలో సరుకు పంపండి.

రైతులకి మరీ ముఖ్యంగా చెప్పేది, సంక్రాంతికి ఇచ్చే కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది. కాస్త తేమ ఎక్కువుంటే మా గదిలో పురుగు పడుతుంది. 14 శాతం దాటితే నిల్వకి పనికిరాదు. మాకు చెక్క పలకలున్నాయి, గోడకి ఎడంగా పేరుస్తాం, వేపాకు వేస్తాం. అయినా గది చిన్నది.

మొన్నటి సంక్రాంతికి ఒక రైతు పది బస్తాలు ఇస్తానని వచ్చారు. ఈ సంగతి చెప్పి, ధాన్యంగానే ఉంచి ఆషాఢంలో ఆడించి ఇమ్మన్నాను. "ఆయ్, అలాగేనండి. మా దగ్గరే ఉంచుతాను" అన్నారు. మర్చిపోతారేమో అనుకున్నాను. ఆషాఢం రెండో వారంలో ట్రాక్టరు వచ్చింది. బియ్యం ఎనిమిది బస్తాలే ఉన్నాయి. మిగతా రెండూ మూడో పంట పెసలు. అందులోకి కూడా కావాలి కదా అని ఆయన భార్య మార్పించారట. మిల్లులో పప్పు ఆడించి, కిలో చొప్పున సంచులు కట్టాం.