వికారమంటారు, తొడిగాక వదలరు

ఫోమ్ క్లాగ్స్, అంటే మెత్తని నురుగుతో చేసిన చెప్పుల మీద ఏ అభిప్రాయమూ లేని మనిషి దొరకడం కష్టం. ఉబ్బిన ముందు భాగం, పైనంతా రంధ్రాలు, వెనక కదిలే పట్టీ. చూడగానే మొహం చిట్లించేవారు కొందరు, పొద్దున తొడిగి రాత్రిదాకా విప్పనివారు కొందరు. అమెరికాలోని కొలరాడోలో మొదలైన క్రాక్స్ సంస్థ 2002లో వీటిని పడవల మీద తిరిగేవాళ్ల కోసం మార్కెట్లోకి తెచ్చింది. 2010లో టైమ్ పత్రిక 50 అధ్వాన ఆవిష్కరణల జాబితాలో వీటిని చేర్చింది. 2017లో బాలెన్సియాగా అనే ఖరీదైన ఫ్యాషన్ సంస్థ ఇదే ఆకారాన్ని ఎత్తయిన సోలు మీద నిలబెట్టి ప్యారిస్ ఫ్యాషన్ ప్రదర్శనలో నడిపించింది. తిట్టినవాళ్లూ మెచ్చినవాళ్లూ ఆకారాన్నే చూశారు. ఆ ఆకారాన్ని చాలావరకు నిర్ణయించింది అందులోని పదార్థమే అని నాకనిపిస్తుంది.

ఈ రకం చెప్పులు ఎక్కువగా ఇథిలీన్ వినైల్ అసిటేట్, అంటే ఈవీఏ, లేదా దానికి దగ్గరి ప్లాస్టిక్ నురుగుతో తయారవుతాయి. గుళికల రూపంలోని ఈవీఏలో రెండు రసాయనాలు కలుపుతారు. ఒకటి వేడికి విడిపోయి వాయువును వదులుతుంది, రెండోది ప్లాస్టిక్ అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. కరిగిన మిశ్రమాన్ని అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తారు. అసలు తమాషా అచ్చు తెరిచినప్పుడు జరుగుతుంది. లోపల అణిగి ఉన్న వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి, చెప్పు అచ్చుకంటే పెద్దదై బయటికి ఉబుకుతుంది. అందుకే అచ్చును చెప్పు కొలతకంటే చిన్నదిగా చెక్కుతారు. ఇలా ఉబ్బి పుట్టే వస్తువుకు పదునైన అంచులూ సన్నని గీతలూ అంత సులువుగా రావు. పైగా గాలి ఎక్కువ, పదార్థం తక్కువ ఉన్న నురుగు పలుచగా ఉంటే చిరిగిపోతుంది కాబట్టి గోడలు మందంగా ఉండాలి. ఆ బొద్దుతనం అలా వచ్చిందే.

లోపలి బుడగలు స్పాంజిలోలాగా ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవు, దేనికది మూసుకునే ఉంటుంది. అందుకే నీరు పీల్చవు, నీటిలో తేలతాయి, కడిగి తుడిస్తే చాలు. అయితే నీటిని రానివ్వని గోడ చెమట ఆవిరినీ పోనివ్వదు. ఎగతాళికి గురయ్యే ఆ రంధ్రాలు లేకపోతే పాదం ఉడికిపోతుంది.

ఇక హాయి సంగతి. గట్టి నేల మీద నిలబడితే బరువంతా మడమ, బొటనవేలి మొదలు వంటి కొద్ది చోట్ల పడుతుంది. నురుగు మీద నిలబడితే బుడగల పలుచని గోడలు వంగుతాయి. ఒక హద్దు వరకు నురుగు ఎక్కువగా అణుగుతున్నా, ఎదురొత్తిడి నెమ్మదిగానే పెరుగుతుంది. దానితో పాదం కిందికి దిగి, బరువును ఎక్కువ వైశాల్యం పంచుకుంటుంది. గంటల తరబడి నిలబడి పనిచేసేవారు వీటిని ఇష్టపడటంలో వింతేమీ లేదు. ఆ హద్దు దాటితే మాత్రం గోడలు ఒకదానికొకటి ఆనుకుపోయి నురుగు గట్టి దిమ్మలా ప్రవర్తిస్తుంది.

మెత్తగా ఉన్నది పాదానికి ఆసరా కూడా ఇస్తుందని పొరబడటం దగ్గరే నాకు అభిమానులతో పేచీ. వెనక పట్టీని ముందుకు తోసి వేసుకుంటే మడమను పట్టుకునేది ఏదీ ఉండదు. చెప్పు జారకుండా వేళ్లు ముడుచుకుని పట్టుకోవాల్సి వస్తుంది, దూరం నడిస్తే ఆ శ్రమ తెలుస్తుంది. మెలితిప్పితే సులువుగా తిరిగే సోలు పాదం పక్కకు ఒరిగినప్పుడు పెద్దగా ఆపలేదు. ఇంట్లో, స్నానాల దగ్గర, తోటపనిలో వీటికి సాటి లేదు. పరుగుకూ కొండదారికీ వద్దంటాను. ఆస్పత్రుల్లో అభ్యంతరం వేరు: పైనున్న రంధ్రాల్లోంచి రక్తమో సూదో పడవచ్చు. ఎస్కలేటర్ల దగ్గర భయం మరొకటి. మెట్టుకూ పక్క గోడకూ మధ్య సందులోకి మెత్తని సోలు రాపిడితో లాగబడుతుంది. పిల్లల విషయంలో ఇలాంటి ఫిర్యాదులు రావడంతో 2008లో జపాన్ ప్రభుత్వం క్రాక్స్‌ను డిజైన్ మార్చమని కోరింది.

ఎండలో మూసిన కారులో వదిలేస్తే ఇవి కుంచించుకుపోతాయి. తయారీలో సాగిన బుడగ గోడలు వేడికి మెత్తబడి వెనక్కి లాక్కుంటాయి, లోపలి వాయువు కొంత బయటపడుతుంది. చల్లారినా పాత కొలత తిరిగి రాదు. రోజువారీ వాడకం చేసే నష్టం ఇంత బాహాటంగా కనిపించదు. పైరంగు కొత్తగానే ఉంటుంది, మడమ కింద మాత్రం లక్షల అడుగుల భారానికి గోడలు మడతలు పడి పలుచబడతాయి. మడమ చోట బొటనవేలితో నొక్కి, అదే చెప్పులో బరువు తక్కువ పడే పాదం నడుమ భాగాన్నీ నొక్కి చూడండి. మడమ దగ్గర అణగకపోతే, ఆ జత ఎంత అందంగా ఉన్నా మార్చే వేళయింది.