కైట్‌సర్ఫింగ్ తొలి సామాన్లు: పట్టూ విడుపూ

కైట్‌సర్ఫింగ్ అంటే కైట్ అనే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట. దాన్ని నేర్చుకోవాలనుకునే వాళ్లు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎంత సైజు కైట్ కొనాలి?" అడగాల్సిన ప్రశ్నే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. పరిస్థితి చెయ్యి దాటితే ఈ కైట్ తన బలాన్ని ఎంత త్వరగా, ఎంత పూర్తిగా వదిలేస్తుంది? కొత్తవాళ్లకి పనికొచ్చే సామాను ఏది, పనికిరానిది ఏది అన్నది ఈ రెండో ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. ఎందుకో తెలియాలంటే గాలి లెక్క కాస్త చూడాలి.

ఈ ఆటలో గాలి వేగాన్ని నాట్లలో చెప్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 12 నాట్ల గాలి తనకు అడ్డొచ్చిన ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 2.4 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. గాలి 24 నాట్లకు పెరిగితే ఆ ఒత్తిడి ఐదు కిలోలవుతుందనుకుంటాం. నిజానికి తొమ్మిదిన్నర దగ్గర ఉంటుంది. వేగం రెట్టింపైనప్పుడు సెకనుకు వచ్చి తగిలే గాలి పరిమాణం రెట్టింపవుతుంది, వచ్చిన గాలి కొట్టే దెబ్బ కూడా రెట్టింపవుతుంది. రెండూ కలిసి నాలుగు రెట్లు. 12 చదరపు మీటర్ల కైట్‌కి ఈ లెక్క వేస్తే మొదటి గాలిలో 28 కిలోలు వస్తే, రెండో గాలిలో 110 దాటుతుంది. కైట్ ఆకారాన్ని, కోణాన్ని బట్టి అసలు లాగుడు ఇంతకంటే ఎక్కువో తక్కువో ఉండొచ్చు గానీ పెరిగే తీరు మాత్రం ఇదే. సముద్రం మీద విసురు విసురుగా వీచే గాలి రెట్టింపు కావడానికి కొన్ని సెకన్లు చాలు.

పైగా కైట్ ఒకచోట నిలబడదు. గాలికి వీపు పెట్టి నిలబడితే ఎదురుగా, తాళ్ల పొడవు మేరకు కైట్ తిరగగలిగే చోటంతా ఒక పెద్ద గోళంలో పావు వంతులా ఉంటుంది. దీన్ని విండ్ విండో అంటారు. నడినెత్తిన గానీ, పక్క అంచుల్లో గానీ ఉన్నంతసేపు కైట్ నెమ్మదిగానే ఉంటుంది. అక్కడి నుంచి మధ్యలోకి దూకిందంటే గాలిని మించిన వేగంతో దూసుకుపోతుంది, దాని మీద తగిలే గాలి వేగమూ దాంతోపాటే పెరుగుతుంది. తగిలే గాలి మూడు రెట్లయితే లాగుడు తొమ్మిది రెట్లు. నీళ్లలో కూర్చుని ఉన్న మనిషిని బోర్డు మీద నిలబెట్టేది ఈ ఊపే. అనుకోకుండా వస్తే మనిషిని ఎత్తి పడేసేదీ ఇదే. నడినెత్తిన బుద్ధిగా నిలబడ్డ కైట్‌ని చూసి "ఇంతేనా" అనుకోవడం ప్రమాదం.

ఈ బలాన్ని అదుపు చేసేది చేతిలో ఉండే బార్. కైట్ ముందు అంచు నుంచి వచ్చే తాళ్లు బార్ మధ్యలోంచి దిగి, చికెన్ లూప్ అనే వలయం ద్వారా నడుముకు కట్టుకున్న హార్నెస్‌కి తగులుకుంటాయి. బరువులో ఎక్కువ భాగం మోసేది ఇవే. వెనక తాళ్లు బార్ రెండు కొసలకీ ఉంటాయి. బార్‌ని దగ్గరకు లాక్కుంటే కైట్ గాలికి ఎదురు తిరిగే కోణం పెరిగి లాగుడు పెరుగుతుంది. దూరంగా వదిలితే వెనక తాళ్లు వదులై, కోణం తగ్గి, బలం జారిపోతుంది. ఇలా బలం వదిలించుకోవడాన్నే డీపవర్ అంటారు. చిక్కేమిటంటే, టెన్షన్‌లో మనిషి చేతులు వదలవు, ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. ఏది లాగేస్తుందో దాన్నే దగ్గరకు లాక్కుంటాడు, అది ఇంకా లాగుతుంది. కాబట్టి కొత్తవాళ్ల కైట్‌కి ఉండాల్సిన మొదటి గుణం, బార్ వదిలేయగానే దాదాపు పూర్తిగా చల్లబడటం.

అన్ని కైట్లూ ఇలా ఉండవు. ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు 1984లో గాలి నింపే గొట్టాలున్న కైట్‌కి పేటెంటు తీసుకున్నారు. నీళ్లలో పడ్డా మునగకుండా తేలి, మళ్లీ అక్కడి నుంచే లేచే కైట్ అది. 1997లో విపికా పేరుతో వాళ్లే దాన్ని అమ్మకానికి తెచ్చాక ఈ ఆట జనంలోకి వచ్చింది. ఆ తొలి తరం కైట్లు బాగా వంగిన ఇంగ్లిష్ సీ (C) అక్షరం ఆకారంలో ఉండేవి. బార్ వదిలినా వాటి బలం పెద్దగా తగ్గేది కాదు. 2000ల మధ్యలో బ్రూనో లెగెన్యూ నమూనాతోనే వచ్చిన బో కైట్లు ఆ కథ మార్చాయి. ఆకారం చదునైంది, వెనక అంచు లోపలికి వంపు తిరిగింది, ముందు అంచుని చాలా చోట్ల చిన్న తాళ్లు పట్టుకున్నాయి. దాంతో బార్ వదిలితే కైట్ బలం దాదాపు మొత్తం పోతుంది. ఇప్పుడు కొత్తవాళ్లకి ఇచ్చే డెల్టా, హైబ్రిడ్ రకాలు ఈ ఆలోచన మీద పెరిగినవే. డెల్టా రకాల చివర్లు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి నీళ్లలో పడ్డప్పుడు ఒక వెనక తాడు లాగితే కైట్ పక్కకి దొర్లి, విండో అంచు నుంచి తనంతట తనే లేస్తుంది. మొదటి రోజుల్లో కైట్ ఎగిరే సమయం కంటే నీళ్లలో పడి ఉండే సమయమే ఎక్కువ కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు. ఎవరైనా పాత సీ కైట్‌ని చౌకగా ఇస్తానంటే దండం పెట్టి వచ్చేయండి. పారాగ్లైడర్‌లా మెత్తటి గుడ్డతో ఉండే ఫాయిల్ కైట్లు కూడా మొదటి కైట్‌గా వద్దు.

ఇక సైజు. రెండు కొసలూ ఒకేలా ఉండే ట్విన్ టిప్ బోర్డు వాడేవాళ్లకి ఒక మోటు లెక్క ఉంది: మీ బరువును కిలోల్లో తీసుకుని 2.2తో గుణించి, గాలి నాట్లతో భాగించాలి. 75 కిలోల మనిషికి 15 నాట్లలో 11 చదరపు మీటర్లు, 20 నాట్లలో ఎనిమిదింటికి కాస్త పైన. గాలి రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు పెరుగుతుంటే సైజు మాత్రం సగానికే ఎందుకు తగ్గుతోందని అనుమానం రావాలి. వేగమైన గాలిలో మిగులు బలాన్ని ఆడేవాళ్లు బార్ వదులుతూ, బోర్డు అంచుని నీళ్లలోకి గుచ్చి తట్టుకుంటారు. అంటే ఈ లెక్కలో వాళ్ల నేర్పు కూడా కలిసి ఉంది. ఆ నేర్పు ఇంకా రాని వాళ్లు లెక్క చెప్పినదానికంటే ఒక సైజు చిన్నదే పట్టుకోవాలి. చల్లటి గాలి ఇంకొంచెం బరువు కూడా: 0 డిగ్రీల దగ్గర గాలి 30 డిగ్రీల గాలి కంటే సుమారు పదో వంతు చిక్కగా ఉంటుంది. చాలామందికి చివరికి 12, 9 లాంటి రెండు కైట్లతో పని నడిచిపోతుంది. మొదట కొనేది మాత్రం ఒక్కటే ఉంటే చాలు. మీరు ఎక్కువగా ఆడబోయే చోట మామూలుగా ఎంత గాలి వీస్తుందో చూసి దాన్ని ఎంచుకోండి.

బార్, తాళ్లు కైట్ తయారుచేసినవాళ్లవే తీసుకోవడం మేలు. ఒకరి బార్‌కి ఇంకొకరి కైట్ తగిలిస్తే తాళ్ల పొడవు, కట్టే తీరు సరిపోక కైట్ తిక్కతిక్కగా ప్రవర్తించొచ్చు. తాళ్లు సాధారణంగా 20 నుంచి 24 మీటర్లు ఉంటాయి. పొట్టి తాళ్లతో విండో చిన్నదవుతుంది, కైట్ వేగం పుంజుకోవడానికి దూరం దొరకదు, ఊపు తగ్గుతుంది. అందుకే శిక్షణలో వాటిని ఇష్టపడతారు.

బార్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది క్విక్ రిలీజ్. కైట్‌ని వదిలించుకోవడంలో మూడు మెట్లున్నాయి. మొదటిది బార్ వదిలేయడం. సరిపోకపోతే క్విక్ రిలీజ్ నొక్కాలి. చికెన్ లూప్ తెరుచుకుని, కైట్ ఒకే ఒక్క ముందు తాడు మీద జెండాలా రెపరెపలాడుతూ పడిపోతుంది, లీష్ అనే భద్రతా తాడు ద్వారా మీతోనే ఉంటుంది. అదీ కుదరకపోతే లీష్‌ని కూడా విప్పేసి కైట్‌ని గాలికి వదిలేయాలి. డబ్బు పోయినా ప్రాణం మిగులుతుంది. ఈ విడుదల ఏర్పాట్లకు ఐఎస్ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణం 2020లో వచ్చింది. దానికి తగ్గట్టు చేసిన బార్ అయితే మంచిది. కొనేముందు కళ్లు మూసుకుని, ఒక్క చేత్తో, తాళ్ల మీద బరువు ఉండగా రిలీజ్ నొక్కి చూడండి. ఎడమ చేత్తో కూడా.

బోర్డు దగ్గర అంత తలనొప్పి లేదు. పెద్దది, చదునుగా ఉన్నది తీసుకోండి. బోర్డు నీటిని చీల్చుకుంటూ పోవడం మాని, నీటి పైన జారడం మొదలుపెట్టాలంటే అడుగు వైశాల్యం కావాలి. వైశాల్యం ఎంత ఎక్కువుంటే అంత తక్కువ వేగంలో జారుతుంది, అంత చిన్న కైట్‌తో పనవుతుంది. 75 కిలోల మనిషికి 140 సెంటీమీటర్ల పొడవు, 42 వెడల్పు ఉన్న ట్విన్ టిప్ చక్కగా సరిపోతుంది. గాలికి ఎదురుగా పోయి బయల్దేరిన చోటికే తిరిగి రావడం కూడా దానితో సులువు. అడుగున నీళ్లలో రెక్క ఉండే ఫాయిల్ బోర్డులు తరవాత చూసుకోవచ్చు. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో మార్సెయ్ తీరాన కనిపించిన ఆ కైట్లూ ఫాయిల్ బోర్డులూ చూసి అవే కొనాలనిపిస్తే, కొన్నాళ్లు ఆగండి. బోర్డుని కాలికి సాగే తాడుతో కట్టుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు, అది సాగి తిరిగొచ్చి తలకు తగులుతుంది. పోయిన బోర్డు దగ్గరికి కైట్ సాయంతో ఒంటితోనే ఈదుకుంటూ వెళ్లడం పాఠాల్లో నేర్పిస్తారు.

హార్నెస్‌లో రెండు రకాలు. నడుముది ఎక్కువమంది వాడతారు. కైట్ నెత్తి మీద ఉన్నప్పుడు అది పక్కటెముకల్లోకి ఎగబాకి విసిగిస్తుంది. కూర్చునే తరహాది అలా జరగదు. అందంగా ఉండదని దాన్ని వద్దనుకోవడం నాకు అర్థం కాదు. హెల్మెట్, దెబ్బ తగలకుండా కాస్త తేల్చే వెస్ట్, చిక్కుపడ్డ తాళ్లు కోయడానికి హార్నెస్ జేబులో వంకర కత్తి, ఇవి బేరమాడే వస్తువులు కావు. నీరు వెచ్చగా ఉందనిపించినా వెట్‌సూట్ గురించి ఆలోచించండి. గాలి కంటే నీరు ఒంట్లో వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది.

ఇవేవీ పాఠాలకు ముందు కొనక్కర్లేదు. శిక్షణ కేంద్రాలు సామాన్లు ఇస్తాయి, రకరకాల సైజులు చేతికి తెలుస్తాయి. చెయ్యి ఊరుకోకపోతే రెండు మూడు చదరపు మీటర్ల ట్రైనర్ కైట్ ఒకటి కొని, జనం లేని ఖాళీ నేల మీద విండో అంటే ఏమిటో తెలుసుకోండి.

పాత సామాను కొనేవాళ్లు కైట్‌కి గాలి నింపి కొన్ని గంటలు వదిలేయాలి. మెత్తబడితే లోపలి సంచి కారుతున్నట్టు. గుడ్డని వేళ్లతో నలిపి చూడండి. ఎండకు పాడైన గుడ్డ కాగితంలా పలచబడి, కొత్త గుడ్డకుండే గరగర పోతుంది. తాళ్లన్నీ ఒకే కొక్కేనికి తగిలించి లాగి, కొసలు సమానంగా ఉన్నాయేమో చూడండి. ముందు తాళ్లు సాగి ఉంటే బార్ వదిలినా వెనక తాళ్లు బిగుతుగానే ఉంటాయి, కైట్ చల్లబడదు. క్విక్ రిలీజ్‌లో ఇసుక, ఉప్పు చేరి బిగుసుకుపోయి ఉంటే మంచినీళ్లలో కడిగి, మళ్లీ బరువు మీద నొక్కి చూడండి. అప్పటికీ మొరాయిస్తే కైట్ ఎంత కొత్తగా ఉన్నా ఆ బార్ వద్దు.