చల్లగా ఉన్నప్పుడు అన్ని బ్రేక్ ప్యాడ్లూ మంచివే

మౌంటెన్ బైక్‌కి కొత్త ప్యాడ్లు వేశాక చాలామంది చేసే పరీక్ష ఒకటే. చదును నేల మీద కొంచెం దూరం తొక్కి లీవర్ నొక్కుతారు. బండి టక్కున ఆగుతుంది. "బాగానే పట్టుకుంటోంది" అనుకుని కొండ దారి పడతారు. కానీ ఆ పరీక్షలో తెలిసేది చాలా తక్కువ. చక్రంతో పాటు తిరిగే లోహపు డిస్క్, అంటే రోటర్, చల్లగా ఉన్నంతసేపూ నాసిరకం ప్యాడ్ కూడా పట్టుకుంటుంది. దాని అసలు గుణం బయటపడేది బాగా వేడెక్కాక, అదీ నిలువు దిగుడు మధ్యలో.

బ్రేకు తయారు చేసిన కంపెనీవి కాకుండా బయటి కంపెనీల ప్యాడ్లు వాడొచ్చా లేదా అన్న చర్చ ఎప్పుడూ ధర దగ్గరా, పట్టు దగ్గరా తిరుగుతూ ఉంటుంది. నన్నడిగితే, తేల్చుకోవాల్సినవి వేరే రెండున్నాయి. వేడెక్కాక ఆ పట్టు ఎంత మారిపోతుంది? రాపిడి పదార్థం తన వెనకున్న లోహపు రేకును గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుందా?

ముందు వేడి సంగతి. మనిషీ బండీ కలిపి 90 కిలోలు అనుకుందాం. 300 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 2,65,000 జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. గాలి కొంత, టైర్లు కొంత తీసుకుంటాయి. నెమ్మదిగా, బ్రేకు మీద దిగే నిలువు దారిలో మాత్రం ఎక్కువ భాగం రోటర్లలోకే పోతుంది. ఆ మొత్తం శక్తితో ముప్పావు లీటరుకు పైగా నీళ్లను గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా తీసుకెళ్లొచ్చు. ఇక్కడ దాన్ని మోయాల్సింది ఒక్కోటి 150, 200 గ్రాములు మాత్రమే ఉండే రెండు స్టీలు రోటర్లు, వాటికి అటూ ఇటూ ఉన్న చిన్న ప్యాడ్లు. గాలి తగిలి వేడి పోతూ ఉంటుంది కాబట్టే బ్రేకులు బతుకుతున్నాయి.

ఈ వేడిని రెండు రకాల ప్యాడ్లు రెండు విధాలుగా తట్టుకుంటాయి. ఆర్గానిక్ ప్యాడ్‌లో నార పోగులు, గ్రాఫైట్, రకరకాల పొడులు కలిపి ఫినాలిక్ రెజిన్ అనే జిగురుతో గట్టిపరుస్తారు. చప్పుడు తక్కువ, చల్లగా ఉన్నప్పటి నుంచే పట్టు బాగుంటుంది. కాకపోతే మరీ కాగితే రెజిన్ విచ్ఛిన్నమై వాయువులు వదులుతుంది, రాపిడి పడిపోతుంది. లీవర్ ఎప్పటిలా గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. సింటర్డ్ ప్యాడ్‌లో రాగి, కంచు లాంటి లోహపు పొడుల్ని ఒత్తిడితో, చాలా ఎక్కువ వేడిలో ఒకే ముద్దగా అతికిస్తారు. ఇది వేడికి, వానకు, బురదకు బాగా నిలుస్తుంది. బదులుగా వేడిని కాలిపర్‌లోకి (ప్యాడ్లను పట్టి రోటర్ మీదికి నొక్కే భాగంలోకి) ఎక్కువగా పంపిస్తుంది, మెత్తటి రోటర్‌ని త్వరగా అరగదీస్తుంది. రెజిన్ (ఆర్గానిక్) ప్యాడ్లకు మాత్రమే అని ముద్ర ఉన్న రోటర్ మీద సింటర్డ్ వేయకూడదన్నది అందుకే.

కాలిపర్‌లోకి వెళ్లిన వేడి లీవర్ నొక్కుడును ప్యాడ్ల దాకా చేర్చే బ్రేకు ద్రవాన్ని మరిగించిందంటే మరో రకం ప్రమాదం. డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకుని పాతబడితే ఆ హద్దు 155కి దిగిపోతుంది. అప్పుడు లీవర్ మెత్తగా లోపలికి పోతుంది. ఇలాంటప్పుడు తప్పు ప్యాడ్‌ది కాదు. కొత్త ప్యాడ్లను తిట్టే ముందు ద్రవం మార్చి ఎన్నాళ్లయిందో చూసుకోవాలి.

ఇక అతుకు సంగతి. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ప్రతి సెకనుకూ వేగం గంటకు 18 కిలోమీటర్లు తగ్గేలా ముందు బ్రేకు ఒక్కటే నొక్కారనుకోండి. 29 అంగుళాల చక్రం, 180 మిల్లీమీటర్ల రోటర్, అదే 90 కిలోల బరువు లెక్కలో, రోటర్ ఒక్కో ప్యాడ్‌ని దాదాపు 1,000 న్యూటన్ల బలంతో పక్కకు లాగుతుంది. ఇంచుమించు 100 కిలోల బరువు. ఆ లాగుడంతా రాపిడి పదార్థానికీ రేకుకూ మధ్య ఉన్న సన్నటి అతుకు మీద పడుతుంది. రేకును సరిగ్గా గరుకు చేయకుండా, జిడ్డు పోయేలా శుభ్రం చేయకుండా అతికిస్తే చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. వేడీ తేమా తగిలి అంచుల్లోంచి తుప్పు లోపలికి పాకితే పదార్థం రేకు నుంచి లేస్తుంది. ఒకరోజు బిళ్లలా ఊడిపోతుంది. ఆ క్షణాన లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేయవచ్చు.

కార్ల విషయంలో ఈ అతుకును గాలికి వదిలేయలేదు. బయటి కంపెనీల ప్యాడ్ల కోసం ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 90 ఉంది. డిస్క్ ప్యాడ్ అతుకు చదరపు సెంటీమీటరుకు కనీసం 250 న్యూటన్ల పక్కలాగుడుకు నిలవాలంటుంది. ఒరిజినల్ ప్యాడ్ పట్టుతో పోలిస్తే తేడా 15 శాతం దాటకూడదని కూడా అంటుంది. అది మోటారు వాహనాల వరకే. సైకిళ్లకు ఐఎస్‌ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో డిస్క్ బ్రేకులకు వేడి పరీక్ష కూడా ఉంది, కానీ అది సైకిల్ మొత్తానికి పెట్టే పరీక్ష. మీరు తర్వాత విడిగా కొన్న ప్యాడ్ గురించి అది ఏమీ చెప్పదు. ప్యాకెట్ మీద "సెరామిక్" అనో "మెటాలిక్" అనో ఉంటే అది కంపెనీ తన ఇష్టంతో రాసుకున్న మాట.

అలాగని బయటి ప్యాడ్లన్నీ అనుమానించాల్సినవి కావు. స్విస్‌స్టాప్, గాల్ఫర్, కూల్‌స్టాప్ లాంటి బ్రేకుల మీదే పనిచేసే కంపెనీలు తమ పేరు పెట్టి అమ్ముతాయి, ఏ రకం ఏ పనికో చెబుతాయి. వీటిని నిస్సంకోచంగా వాడొచ్చు. నేను దూరం పెట్టమనేది ఊరూపేరూ లేని ప్యాడ్లను, పెద్ద కంపెనీ ప్యాకింగ్‌ని కాపీ కొట్టిన నకిలీలను. ప్యాడ్ బాగుండే అవకాశం వాటిలోనూ ఉంది. కానీ ఈసారి బాగున్న సరుకు వచ్చేసారీ అలాగే ఉంటుందని పూచీ పడేవాళ్లు ఎవరూ లేరు.

కొత్త ప్యాడ్‌ని వేసే ముందు వెలుతురులో పక్కనుంచి చూడండి. రేకూ పదార్థమూ కలిసే గీత చుట్టూతా ఒకేలా ఉండాలి. వెంట్రుకవాసి సందు కనిపించినా, మూలల్లో పెచ్చులు లేచినా, పదార్థం గోటికే రాలుతున్నా పక్కన పడేయండి. చేతికి తేలిగ్గా తగిలే అల్యూమినియం రేకు మీద "సింటర్డ్" అని ఉంటే అనుమానించండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, సింటరింగ్‌కి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. అందుకే అలాంటి ప్యాడ్ వెనక సాధారణంగా స్టీలు, ఖరీదైనవాటిలో టైటానియం ఉంటాయి. తర్వాత కాలిపర్‌లో పెట్టి ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. బిర్రుగా ఇరుక్కుంటే ప్యాడ్ వెనక్కి రాక రోటర్‌ని రుద్దుతూ ఊరికే వేడెక్కిస్తుంది. రేకు కొలతలో చిన్న తేడా చాలు, ఇలా కావడానికి.

పరిచయం లేని ప్యాడ్‌ని ముందు చక్రానికి వేయకండి. ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే, అక్కడ తెలిసిన ప్యాడే ఉండనివ్వండి. కొత్తదాన్ని వెనక వేసి, 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం బిగుసుకోకుండా ఓ ఇరవైసార్లు తగ్గించండి. ప్యాడ్ పదార్థం రోటర్ మీద పల్చటి పొరగా పరుచుకుంటేనే పూర్తి పట్టు వస్తుంది. ఆ తర్వాత ఒక పొడవాటి దిగుడు దిగండి. దిగుడులో వెనక బ్రేకును మనం ఎక్కువసేపు పట్టుకునే ఉంటాం కాబట్టి వేడి పరీక్ష దానంతటదే జరుగుతుంది. అడుగుకు చేరి, చల్లారాక ప్యాడ్లు బయటికి తీసి ఆ అతుకు గీతను మళ్లీ చూడండి. అది చెక్కుచెదరకుండా ఉండి, దిగినంతసేపూ లీవర్ ఒకేలా స్పందించి ఉంటే, అప్పుడు ముందు చక్రానికి అదే రకం కొనొచ్చు.